నీటియంచున నొక నగరము: కోటిలింగాల

నదీతీరమున వెలసిన పట్టణమును వీథులలో నడచి చూచుట యొకటి, నీటిమీదినుండి చూచుట వేఱొకటి. వీథిలో నడచువానికి ఇండ్ల వాకిండ్లును అంగళ్లును కనబడును. పడవలో కూర్చున్నవానికి ఆ పట్టణము నదికి ఎట్లు మొగము చూపినదో, జనులు ఏ దారిని నీటికి దిగిరో, ఏ గట్టును రాతితో కట్టి ఏ గట్టును మన్నుగానే విడిచిరో తెలియవచ్చును. కాశికి పోయినవారు వేకువనే పడవ నెక్కి మెట్ల వరుసను చూచి వచ్చి, జీవితాంతము పదిమందికి చెప్పుచుందురు. లండను పోయినవారు థేమ్సు నదిపై పడవలో తిరిగి పార్లమెంటు భవనమును, టవరు కోటను చూచితిమందురు. రాజమహేంద్రవరమున సాయంకాలము గోదావరిపై విహరించువారు 1900లో తెఱచి 1997లో రైళ్లు మానిన హేవలాకు వంతెన క్రిందుగా పోయి సంతసింతురు.

మా కరీంనగరు సీమలోను అట్టి పడవ విహార మొకటి కలదు. గోదావరి కుడియొడ్డున, వెల్గటూరునకు చేరువనున్న కోటిలింగాల గ్రామపు రేవున పడవ నెక్కవలెను. రాజమహేంద్రవరమునను కోటిలింగాల రేవు కలదు గాని అది వేఱు, ఇది వేఱు. ఇచ్చట ఎదుటిగట్టు ఆదిలాబాదు సీమ. 2016లో జిల్లాలను విభజించిన పిదప ఈ గట్టు జగిత్యాల జిల్లాకును, ఆ గట్టు మంచిర్యాల జిల్లాకును చేరినవి. ఈ పడవనుండి చూడదగిన మేడలు లేవు, రాతిమెట్ల బారులు లేవు. నీటియంచున చెట్లును చేలును కప్పిన యొక మట్టిదిబ్బ మాత్రము కలదు. చెప్పువారు లేనియెడల ఎవరును దానిని రెండవమాఱు తిరిగి చూడరు. అయినను తెలుగునేలపై త్రవ్వి చూచిన పట్టణములలో దీనికి సాటి వచ్చు ప్రాచీనత గలవి కొలదిగా నున్నవి.

నేను కరీంనగరు పట్టణమున చిరకాలముగా కాపురముండియు, రెండు గంటల ప్రయాణమైనను లేని ఈ చోటికి మొన్నటి కార్తికము వఱకు పోనేలేదు. కాశి చూచితిని, హంపి చూచితిని. ఇంటి ముంగిటిది చూడలేదు. ఈ లోపము నాదొక్కనిదే కాదని తోచుటచేతనే ఈ వ్యాసమును వ్రాయ పూనుకొంటిని.

మేము పోయిన దినమున నీరు నిండుగా నుండెను. కోటేశ్వరస్వామి గుడి చెంత స్త్రీలు ఆకుదొన్నెలలో దీపములు వెలిగించి నీట విడచుచుండిరి. ఇక్కడివారు గోదావరిని గోదావరి యనరు, గంగ యందురు. కాశికి లింగమును తెచ్చుటకై పోయిన హనుమంతుడు ఆలస్యము చేయగా, మునులు పిడికెడు పిడికెడు ఇసుక తెచ్చి లింగమును చేసి ప్రతిష్ఠించిరని స్థలపురాణము. పడవలో మాతోపాటు పదిమంది యాత్రికులుండిరి. వారిలో నొక ముసలమ్మ, దొన్నెను కొంగుచాటున గాలి తగులకుండ పట్టుకొని, నడుమకు పోయిన పిదపనే దానిని నీట విడువవలెనని పట్టుపట్టెను. పడవ నడపునతడు బెస్తవాడు, నడివయస్సువాడు. గట్టు వదలిన కొంతసేపటికి నేను ఆ దిబ్బను చూపి, అదేనా కోట యని అడిగితిని.

“అదే సారూ. మేము కోటగడ్డ అంటం. ఎండకాలం నీళ్లు కిందికి వోతే ఇటుకలు, పెంకాసులు కనవడుతయి. మా తాతలు సీసం బిళ్లలు దొరికితే వలలకు కట్టేటోళ్లట. గవి రాజుల పైసలని గప్పుడు ఎవలకెరుక?” అని అతడు నవ్వెను.

ఆ నవ్వు నాకు చిరకాలము జ్ఞాపకముండును. ఏలయన ఆ సీసపు బిళ్లలే, రాగి బిళ్లలే దక్షిణాపథ చరిత్రలో నొక పెద్ద ఖాళీని పూరించినవి.

ఆ ఖాళీ యెట్టిదో చెప్పెదను. సాతవాహనులు దక్కనును నాలుగు శతాబ్దములకు తగ్గకుండ ఏలిరని పురాణములు చెప్పును. వారి మూలపురుషుని పేరు పురాణములలో శిశుకుడనియు, సింధుకుడనియు, చిస్మకుడనియు నానావిధములుగా వ్రాయబడియున్నది. పశ్చిమ కనుమలలో జున్నరు చెంత నాణేఘాట్ అను కనుమదారిలో నొక గుహ కలదు. అందు రాజకుటుంబపు ప్రతిమలు చెక్కి, వాని పైని పేర్లు వ్రాసిరి. ప్రతిమలు శిథిలమై పోయినవి గాని పేర్లు మిగిలినవి. అందు మొదటి పేరు సిముక సాతవాహనుడు. ఈ గుహ శాసనమును, ఆ పురాణముల పట్టికయు దక్క, సిముకుడను వా డొకడుండెనని చెప్పుటకు చాలకాలము వేఱు సాక్ష్యము దొరకలేదు. అతడు వేయించిన నాణెము ఒక్కటియు ఎవరును చూచియుండలేదు.

కోటిలింగాలలో వానలు కురిసి వెలిసిన పిదప చేలలో బయటపడు బిళ్లలను ఏఱి, భద్రపఱచి, పండితుల చేతికి అందించినవారిలో సంగనభట్ల నరహరిశర్మగారు ముఖ్యులు. శాసన పరిశోధకులు పరబ్రహ్మశాస్త్రిగారు వానిని చదివి లోకమునకు తెలిపిరి. వానిలో కొన్నింటిపై బ్రాహ్మీలిపిలో, ప్రాకృతభాషలో ‘రఞో సిరి ఛిముక సాతవాహనస’ అని యుండెను. శ్రీ ఛిముక సాతవాహన రాజుయొక్క నాణెమని దాని యర్థము. అటుపిమ్మట 1970ల చివరనుండి 1980ల తొలిసంవత్సరముల వఱకు రాష్ట్ర పురావస్తుశాఖవారు, వి. వి. కృష్ణశాస్త్రిగారి నాయకత్వమున, ఇచ్చట త్రవ్వకములు జరిపిరి. మట్టికోట గోడ, ఇటుక కట్టడములు, పూసలు, ఇనుప పనిముట్లు, మఱికొన్ని నాణెములు వెలువడినవి.

ఇక్కడ నొక మాట జాగ్రత్తగా చెప్పవలసియున్నది. సాతవాహనుల తొలి రాజధాని కోటిలింగాలయే యని మన ప్రాంతమున గట్టిగా ప్రచారము కలదు. మహారాష్ట్రులు ఆ గౌరవము గోదావరీతీరముననే ఎగువనున్న పైఠణునకు, అనగా ప్రాచీన ప్రతిష్ఠానమునకు చెల్లునందురు. కృష్ణాతీరమున ధాన్యకటకమని చెప్పినవారును కలరు. సిముకుని కాలము క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమని కొందఱు, మొదటి శతాబ్దమునకు దగ్గఱయని కొందఱు వాదింతురు. స్వస్థలాభిమానము మంచిదే గాని అది సాక్ష్యమునకు బదులు నిలువదు. నాణెము కాళ్లు గలది. వర్తకుని మొలలో చేరి నూఱు ఆమడలు పోగలదు. ఒక రాజు నాణెము ఒక యూర దొరికినంత మాత్రమున అది అతని రాజధాని కాజాలదు.

అయినను కోటిలింగాల సాక్ష్యము ఒంటరి నాణెపు సాక్ష్యము కాదు. ఇచ్చట సిముకునికి పూర్వపువారని పరిశోధకులు చెప్పు రాజుల నాణెములు దొరికినవి. గోబద, నారన, కంవాయ, సమగోప అను ఆ పేర్లు ఏ పురాణములోను లేవు. వారి తరువాత సిముకుడు, ఆ తరువాత శాతకర్ణి ఇత్యాది సాతవాహన రాజుల నాణెములును అదే నేలలో కలవు. ఇట్లు స్థానికపు దొరలు, వారి వెనుక సాతవాహనులు వరుసగా కనబడుటచేత, ఆ వంశపు తొలినాటి అధికారమునకు గోదావరి ఈ భాగముతో దగ్గఱి సంబంధముండెనని చెప్పుటకు బలము కలుగుచున్నది. రాజధాని యను బిరుదు లేకున్నను ఇంతమాత్రము చాలును. ఇంతకంటె ఎక్కువ చెప్పవలెనన్న, త్రవ్వని నేలను త్రవ్వి చూడవలెను.

పడవ నడుమకు పోవుకొలది దిబ్బ యొక్క స్థానబలము తెలియసాగెను. ఒకప్రక్క గోదావరి, వేఱొకప్రక్క పెద్దవాగు. రెండింటి సంగమమున కోట. రెండువైపుల నీరే అగడ్త. మునులగుట్ట యను రాతిగుట్టయు దీనికి చేరువలోనే కలదు; అది జైనమునులు నివసించిన చోటని పరిశోధకులు గుర్తించిరి. కోట, రేవు, మునులు వసించిన గుట్ట ఒకదాని కొకటి ఇంత సమీపముననుండుట చూడగా, ఇది దారికి ప్రక్కనున్న పల్లె కాదని, దారి మీదనే యున్న పట్టణమని తోచును.

ఆ దారి యెటు పోయెను? గోదావరి 1465 కిలోమీటర్ల పొడవుగల నది యైనను ఇచ్చటినుండి సముద్రము వఱకు ఏడాది పొడవునను పడవలు నడచుటకు అనుకూలమైనది కాదు. వేసవిలో ఇసుక తేలును, రాతి బండలు అడ్డుపడును. పందొమ్మిదవ శతాబ్దమున ఆంగ్లేయులు బీరారు ప్రత్తిని సముద్రమునకు దింపవలెనని, ఆర్థర్ కాటన్ ఆలోచన ననుసరించి ఎగువ గోదావరిని పడవమార్గముగా మార్ప యత్నించి, దుమ్ముగూడెము చెంత ఆనకట్ట కట్టి, కడకు 1871లో ఆ పనిని విరమించిరి. కావున ప్రాచీనకాలమున ఈ రేవునకు ప్రాముఖ్యము నదివెంబడి పోవుటవలన కాక నదిని దాటుటవలన వచ్చియుండుననుట సమంజసము. దక్కను పీఠభూమినుండి ఉత్తరమునకు, విదర్భకు పోవువాడు ఎక్కడనో ఒకచోట గోదావరిని దాటక తప్పదు.

బౌద్ధుల సుత్తనిపాతములో దీనికి సంబంధించిన యొక కథ కలదు. బావరి యను బ్రాహ్మణుడు గోదావరీతీరమున అస్సక దేశములో ఆశ్రమము కట్టుకొని యుండెను. బుద్ధుని గూర్చి విని, తాను ముసలివాడగుటచే పోజాలక, తన పదునార్గురు శిష్యులను పంపెను. వారు ప్రతిష్ఠానము, మాహిష్మతి, ఉజ్జయిని మీదుగా ఉత్తరమునకు నడచిపోయి బుద్ధుని దర్శించిరి. ఆదిలాబాదు సీమలో ఖానాపురము చెంత గోదావరి నడుమనున్న బాదనకుర్తి యను దీవియే బావరి ఆశ్రమస్థానమని కొందఱు చరిత్రజ్ఞుల యభిప్రాయము. అది అంగీకరించినను అంగీకరింపకున్నను, ఈ నదీతీరపు మనుష్యులకు ఉత్తరాపథము అపరిచితము కాదనుట స్పష్టము. ఒక క్రొత్త మాట వినినంతనే దాని నిజము తెలిసికొనుటకు శిష్యులను అంతదూరము పంపిన గురువు ఈ గట్టువాడని చెప్పుకొనుటయే మనకు నిజమైన గొప్ప.

పడవవాడు యంత్రము నాపెను. ముసలమ్మ దొన్నెను నీటిపై నుంచి మెల్లగా త్రోసెను. మా యింటి యామె, “ఇక్కడనే ఎందుకు విడువవలెనన్నావు అవ్వా?” అని అడిగెను.

“అగో, గా నీళ్లు నల్లగ కనవడుతున్నయి సూడు బిడ్డా, గా కిందనే మా ఇల్లు. వాకిట్ల చేదబాయి. బాయి పక్కన మా అత్త నాటి రోలు. అన్నీ బండ్లెక్కించినం, రోలొక్కటి లేవలేదు” అని ఆమె చెప్పెను.

ఆమె కంట నీరు లేదు. మన యింటి విలాసము మనము చెప్పినట్లుగా చెప్పెను. ఆమె మాటకు మూలమైన సంగతిని చదువరులు ఎఱుగవలెను. కోటిలింగాలకు దిగువన, రామగుండమునకు చేరువన, ఎల్లంపల్లి వద్ద గోదావరికి అడ్డముగా ఆనకట్ట కట్టుటకు 2004లో శంకుస్థాపన జరిగెను. శ్రీపాద ఎల్లంపల్లి యని దానికి పేరు. జలాశయములో పట్టు నీరు 20.175 శతకోటి ఘనపుటడుగులు. ఆ నీరు వెనుకకు ప్రాకి వెల్గటూరు ప్రాంతపు పల్లెలు కొన్నింటిని ముంచెను. జనులు క్రొత్త కాలనీలకు తరలిపోయిరి. కోటగడ్డ అంచుననున్న నేలయు కొంత నీటికి లోబడినది. ఇంతకు పూర్వము వేసవిలో ఇసుకపై నడచిపోయిన చోటనే నేడు మేము పడవ షికారు చేయుచుంటిమి.

ఈ జలాశయమును నిందించుట నా యుద్దేశము కాదు. 2015నుండి హైదరాబాదు ఇండ్లకు గోదావరి నీరు పోవుచున్నది ఎల్లంపల్లినుండియే. రామగుండపు విద్యుత్కేంద్రమునకు నీరు ఇచ్చటిదే. ఈ వ్యాసమును దీపము వెలుతురున చదువు గృహిణికి, కుళాయి త్రిప్పి బిందె నింపుకొను గృహిణికి ఆ నీటితో సంబంధము కలదు. దాహమునకు నీరు కావలసిన దేశము నీటిని నిలుపక తప్పదు. నే నడుగునది వేఱు. ముంచకముందు ఏమి ముంచుచున్నామో చదివి చూచితిమా?

చదివి చూచిన యుదాహరణము మన తెలుగునేలమీదనే కలదు. కృష్ణపై నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూ పునాదిరాయి వేసెను. ఆ లోయలో ఇక్ష్వాకుల రాజధానియగు విజయపురి శిథిలములున్నవని 1926నుండియే తెలిసియుండెను. నీరు రాకముందే, 1954 మొదలు 1960 వఱకు, ఆర్. సుబ్రహ్మణ్యముగారి నాయకత్వమున లోయ నంతటిని త్రవ్వి, కొలిచి, చిత్రించిరి. ముఖ్యములైన కట్టడములను ఇటుక వెంట ఇటుకగా ఎత్తి కొండమీదను, అనుపులోను మరల నిలిపిరి. ఇక్ష్వాకుల నాటి స్నానఘట్టపు మెట్లను సయితము కొండమీదికి చేర్చిరి. నేడు యాత్రికులు పడవ నెక్కి ఆ దీవికి పోయి మ్యూజియమును చూచి వచ్చుచున్నారు. ఈజిప్టులో నైలునదిపై ఆస్వాను ఆనకట్ట కట్టినప్పుడు అబూ సింబెల్ గుడులను 1964 నుండి 1968 లోపల ముక్కలుగా కోసి ఎత్తైన చోట నిలుపుటకు యునెస్కో ద్వారా పలుదేశములు ధనమిచ్చినవి. నీరును నిలిచినది, చరిత్రయు నిలిచినది. రెండును సాధ్యములే.

కోటిలింగాలలో అట్లు జరుగలేదు. కోట విస్తీర్ణములో త్రవ్వి చూచినది స్వల్పభాగము. మిగిలినదానిలో కొంత చేల క్రిందను, కొంత నీటి క్రిందను ఉన్నది. దీనికి కారణము ద్వేషము కాదు, అలసత్వము. విజయపురిలో పాలరాతివంటి శిలలపై బొమ్మలుండెను. అవి చూచువానిని తామే పిలిచినవి. ఇచ్చట నున్నవి మట్టిగోడ, ఇటుక, సీసపు బిళ్ల. మనము చరిత్రయన్న రాజుల కట్టడములని చిన్ననాటినుండి నేర్చితిమి. అందమైన శిల్పమున్నచోట నిలిచితిమి, రోలున్నచోట నిలువలేదు.

ఆ రోలు మాటయే నాకు దారి చూపినది. పెద్దపల్లికి దగ్గఱ పెద్దబంకూరున సాతవాహనుల నాటి ఇంకొక జనావాసమును పురావస్తుశాఖవారు త్రవ్విరి. అందు దొరికినవి ఇటుక ప్రహరీలు, ఇటుకతో కట్టిన బావులు, మట్టి ఒరలు దించిన బావులు, కుండలో దాచిన వేలకొలది నాణెములు. ధూళికట్టలో బౌద్ధస్తూపము బయటపడినది. నాగరాజు ముచిలిందుడు పడగలు విప్పి నిలిచిన ఫలకములు అందలివి. చదువరులారా, స్తూపమును తీసివేసి తక్కిన జాబితాను మరల చదువుడు. బావి, గోడ, దాచుకొన్న డబ్బు కుండ. ఆ ముసలమ్మ తన మునిగిన యింటిని గూర్చి చెప్పిన జాబితాకును దీనికిని ఎంత భేదమున్నది? రెండువేల ఏండ్ల క్రింద ఈ గట్టున నొక యిల్లాలు ఒరల బావినుండి నీరు చేదెను. ఆమె మగడో కుమారుడో సీసపు నాణెములను కుండలో పోసి నేల పాతెను. వారి భాష మనకు పూర్తిగా తెలియదు. వారి గృహకృత్యము మనకు తెలిసినదే. చరిత్ర స్త్రీలకు పట్టని విషయమని, అది యుద్ధములదియు వంశావళులదియు నని ఇప్పటికిని కొన్ని యిండ్లలో వినబడుచుండును. త్రవ్వి చూచిన నేల అట్లు చెప్పుట లేదు.

సాతవాహనుల వంశావళియు అట్లు చెప్పుట లేదు. నాణేఘాట్ గుహలో యజ్ఞములను, దానములను వర్ణించు దీర్ఘశాసనము నాగనిక యను రాణికి సంబంధించినది. ఇదే గోదావరి పుట్టిన త్ర్యంబకమునకు చేరువన, నాసికు గుహలో, గౌతమీ బాలశ్రీ యను రాజమాత తన కుమారుని విజయములను, గుణములను చెక్కించెను. ఆ కుమారుడు తల్లిపేరు ముందిడుకొని గౌతమీపుత్రుడనిపించుకొనెను. అతని కుమారుడు వాసిష్ఠీపుత్రుడు. నదికి తలాపున నాసికు, దానికి దిగువన ప్రతిష్ఠానము, ఇంకను దిగువన మన కోటిలింగాల: ఒకే నది గట్టున ఈ మూడు చోట్లును కలిసి ఒక వంశపు కథను చెప్పుచున్నవి. హాలుని పేర చెల్లు గాథాసప్తశతిలో గోదావరికి ‘గోలా’ యని పేరు. అందు రాజుల యుద్ధములకంటె పల్లెల స్త్రీల మాటలే ఎక్కువ. మొదటి రెండు చోట్లను మహారాష్ట్రులు కాపాడుకొనుచున్నారు. మూడవది మన వంతు.

ఇక చేయదగినదేమి? మునిగినదానికి విచారించి ఊరకుండుట వలన ప్రయోజనము లేదు. జలాశయము సంవత్సరము పొడవునను నిండుగా నుండదు. వేసవిలో నీరు తగ్గి అంచులు తేలునని పడవవాడే చెప్పెను. అలలు కొట్టి గట్టు కోసికొనిపోవుటకు ముందే, అట్లు తేలిన దినములలో కొలతలు తీసి, త్రవ్వదగినచోట త్రవ్వవచ్చును. మునుగని భాగమున త్రవ్వకమునకు అడ్డు నీరు కాదు, సంకల్పలోపము. ఈ పని ప్రభుత్వముది. దానిని విడువక అడుగుట విద్యావంతుల పని.

ఇంటివారు చేయదగినవియు కలవు. పొలములో గాని ఏటియొడ్డున గాని పాతనాణెము దొరకినచో దానిని కరిగింపరాదు, అమ్మరాదు. 1878నాటి నిక్షేప చట్టము ప్రకారము పదిరూపాయల విలువకు మించిన నిక్షేపము దొరకినవాడు కలెక్టరుకు తెలుపవలెను. చట్టము మాట యటుంచి, నాణెము దొరకిన చోటు తెలిసినపుడే దానికి విలువ. అమ్మినవానికి వచ్చునది నాలుగు రాళ్లు. పోవునది ఒక రాజు పేరు. నరహరిశర్మగారు ఏఱినవానిని కంసాలి మూసలో పోసియున్నచో సిముకుడు నేటికిని పురాణములోని పేరుగానే యుండెడివాడు. రెండవది, కరీంనగరు పట్టణమున పురావస్తు మ్యూజియము కలదు. సెలవుదినమున పిల్లలను సినిమాకు కొనిపోవువారు ఒకమాఱు అచ్చటికి కొనిపోయి, ఆ పిదప కోటిలింగాలకు కొనివచ్చి పడవ నెక్కించవలెను. చూచిన పిల్లలు అడుగుదురు. అడుగు పిల్లలు పెరిగి పెద్దలైనపుడు ఆ దిబ్బ ఇంత తేలికగా మునుగదు. మూడవది, పడవ నడపు బెస్తవారికి ఈ చరిత్రను నేర్పి, వారినే మార్గదర్శకులను చేయవలెను. గట్టు ఏ యేడు ఎంత కోసినదో, ఇటుక ఏ మలుపున తేలునో వారి కంటె ఎఱిగినవారు లేరు. తాత సీసమును వలకు కట్టెను; మనుమడు అదే సీసమును గూర్చి పదిమందికి చెప్పి గౌరవముగా జీవించుట కంటె కోరదగినదేమున్నది?

మేము మరలి వచ్చునప్పటికి ప్రొద్దు గ్రుంకెను. ఎదుట ఆదిలాబాదు గట్టున నొక్కొక్క దీపము వెలుగసాగెను. రేవున దిగునపుడు పడవవాడు ముసలమ్మకు చేయి యిచ్చి దింపి, “పైలం అవ్వా, మెట్టు జారుతది” అనెను. ఆమె దిగి, వెనుకకు తిరిగి నీటివైపు కొంతసేపు చూచి, మా యింటి యామెతో, “మా రోలు నల్లరాయి బిడ్డా. నీళ్లల్ల ఏం గాదు. ఎన్నటికన్న తేలుతది” అని చెప్పి గుడివైపు నడచిపోయెను.